పద్నాలుగో పేజీలో ఒట్టు

ద్వారకాపురి కాలనీ, పంజాగుట్ట
22 జూలై 2024

మొగిలయ్య గారికి,

హైమవతి నమస్కారాలు. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య మెట్రోలో ఒకే ఒక్క స్టేషను. అలాంటిది ఈ కవరుకు స్టాంపు అంటిస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఏం చేయమంటారు? మీ ఫోను సాక్ష్యం కింద సీలు వేసిన కవరులో హైకోర్టు గదిలో కూర్చుంది. ఇంకొకటి కొనమంటే, అది బయటికొచ్చేదాకా కొననని మీరు భీష్మించారు. ఇంటికి రాకపోకలు వద్దని మన లాయరు ధాత్రి నిన్న మళ్లీ గట్టిగా చెప్పింది. "ఏంటి ఆంటీ, మీరిద్దరూ పాత స్నేహితులని అవతలి లాయరుకు తెలిస్తే ముందు మీ అనువాదాన్నే అనుమానిస్తాడు. కేసు తేలేదాకా ఆయన జిరాక్సు షాపు వైపు వెళ్లకండి" అంది. ఉత్తరాలు రాయొద్దని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

ఇరవై రెండేళ్లు మీ బస్సులో హైకోర్టుకు వెళ్లాను. ముందు తలుపు పక్క సీటు నాకోసం ఆపేవారు. ఎవరైనా గొడవ పెట్టుకుంటే "ఆమె కోర్టుల తెలుగును ఇంగ్లీషు చేస్తది, ఆమె లేకుంటే కేసులు నడువయి" అని చెప్పేవారు. నేను వట్టి అనువాదకురాలినని ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. ఆ కండక్టరే ఇప్పుడు ఒక ఎంపీ మీద ఎన్నికల పిటిషను వేశారంటే నాకింకా ఆశ్చర్యంగానే ఉంది. ఓడిపోయిన అభ్యర్థులంతా ఇళ్లలో కూర్చున్నారు. వేసింది మాత్రం ఊళ్లో ఓటు ఉంచుకున్న మీరు, అదీ నలభై ఐదు రోజుల గడువులో ఆఖరి రోజున.

అసలు విషయం. ఆ రోజు కోర్టు వరండాలో పద్నాలుగో పేజీ దిద్దాం, గుర్తుంది కదా. పోలింగు ముందు రోజు మీ ఊళ్లో ఆడవాళ్ల చేత ఏం చేయించారో పిటిషను మొత్తం మీద ఆ ఒక్క పేజీలోనే ఉంది. ఇంగ్లీషులో 'వోట్' కొట్టేసి 'ఓత్' అని రాశాను. అంటే ఓటు తీసేసి ఒట్టు పెట్టాను. టైపులో దొర్లిన పొరపాటు. మీరు పక్కన సంతకం చేశారు. గెలిచినాయనకు వెళ్లే కాపీలో కూడా ఆ పేజీ మార్చారు కదా? ఒక్క ముక్క రాయండి, నాకు నిశ్చింతగా ఉంటుంది.

మోకాలు ఇంకా సలుపుతూనే ఉంది.

హైమవతి


అమీర్‌పేట
3 ఆగస్టు 2024

హైమక్కకు,

మీ ఉత్తరం వారానికి చేరింది. పంజాగుట్ట ఫ్లైఓవరు మీద ట్రాఫిక్కు ఎంత జామైనా ఏ బస్సూ ఇంత లేటు చేయలేదు. నా రాతలో ఒత్తులు వెతకొద్దు. కదిలే బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకొని ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టినవాడికి ఒత్తులు పెట్టే తీరిక ఎక్కడ దొరుకుతుంది? మీరు నవ్వుతారని ఈ ఉత్తరం మాత్రం జర చూసుకొని రాస్తున్నాను.

మా సత్తెక్కను ఊరి నుంచి తెచ్చుకున్నాను. షాపు వెనక గదిలోనే ఉంటుంది. ఆదివారం ఎర్రగడ్డ రైతుబజారుకు పోయి కూరగాయలు తెస్తుంది, అందులో పేచీ లేదు. పేచీ అంతా బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గరే. ఇంటికి పది నిమిషాల నడక. ప్రతి ఏడూ కల్యాణానికి ఊరి నుంచి వచ్చి, లైనులో నిలబడి, దర్శనం చేసుకొని గాని నా ఇంట్లో నీళ్లు తాగేది కాదు. ఈ ఏడు నేనే తీసుకుపోతే గేటు దాకా వచ్చి ఆగిపోయింది. చెప్పులు సుత విడవలేదు.

సంగతి మీకు ముక్కలుగానే తెలుసు, మొత్తం రాస్తాను. పోలింగు ముందు రోజు గెలిచినాయన ఎన్నికల ఏజెంటే స్వయంగా మా ఊరికి వచ్చాడు. ఆడవాళ్లను అమ్మవారి గుడి ముందున్న ఎల్లమ్మ గడ్డ మీద వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికి చీర పెట్టి, దోసిట్లో పసుపు బియ్యం పోసి, వాళ్ల గుర్తుకే ఓటేస్తామని అమ్మవారి మీద ఒట్టు వేయించుకున్నాడు. మా అక్క ఒట్టు వేసింది. తెల్లారి పోయి తనకు నచ్చిన గుర్తుకు ఓటేసింది. ఎవరికన్నది నాకు చెప్పలేదు, నేను అడగలేదు. పది రోజులకు కుడి చేయి వణకడం మొదలైంది. పసుపు బియ్యం పట్టిన చెయ్యి. వయసు మీద పడితే ఇట్లాంటివి వస్తాయని పంజాగుట్ట పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఆమె వినదు. చెంచాతో తింటుంది.

నన్ను రోజూ ఒకటే అడుగుతుంది. "జడ్జి సారు ఆ ఒట్టు చెల్లదంటే ఎల్లమ్మకు సుత చెల్లనట్టే గద తమ్మీ?"

చెల్లనట్టే అంటాను. ఎంపీ పదవి పోతుందో లేదో నాకు పెద్ద ఫికర్ లేదు అక్కా. జడ్జి నోటి నుంచి ఆ ఒక్క మాట రావాలి. ఆమెకు డెబ్బై మూడేళ్లు.

మోకాలికి ఆవిరి పట్టండి.

మొగిలయ్య


పంజాగుట్ట
11 డిసెంబర్ 2024

మొగిలయ్య గారికి,

ఇంతకాలం రాయలేదు, రాయడానికేమైనా జరిగితే కదా. మొదటి వాయిదాకు నోటీసు అందలేదన్నారు. రెండోదానికి ఇల్లు తాళం వేసి ఉందన్నారు. మూడోదానికి ఆయన ఢిల్లీలో ఉన్నారట. ఆయన ఇంటి అడ్రసు నియోజకవర్గంలో ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంది, నోటీసు పట్టుకెళ్లినవాడికి మాత్రం దొరకలేదు. నాలుగోసారి వకాలతు వేశారు, జవాబుకు గడువు అడిగారు. ఎన్నికల కేసును ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. ఆ 'ప్రయత్నం' అన్న మాటను నా ఉద్యోగంలో ఎన్నిసార్లు అనువదించానో. దానికి తెలుగులో అర్థం ఏమీ ఉండదని రిటైరయ్యాక తెలిసింది.

మీ అక్కగారి సంగతి చదివాక మనసు బాగాలేదు. ఆవిడ నా గురించి విన్నారా? ఆవిడ చెప్పిన మాటల్ని ఇంగ్లీషు చేసింది నేనేనని తెలుసా?

పద్నాలుగో పేజీ గురించి అడిగాను. జవాబు రాలేదు. ధాత్రిని అడుగుదామంటే ఆ పిల్లకు లేనిపోని అనుమానం పుట్టించినట్టవుతుంది. మీరు మార్చే ఉంటారు. అయినా రాయండి.

హైమవతి


అమీర్‌పేట
16 ఫిబ్రవరి 2025

హైమక్కకు,

నాకు మస్తు కోపంగా ఉంది, ముందే చెబుతున్నాను.

మొన్న వాయిదాకు నేనే పోయాను. పొద్దున పదిన్నర నుంచి కూర్చుంటే మన కేసు పిలిచేసరికి మూడున్నర. అవతలి లాయరు లేచి ఒక ముక్క అన్నాడు, జడ్జి తల ఊపాడు, అయిపోయింది. బయటికొచ్చి ఏమైందని ధాత్రిని అడిగితే "నాలుగు వారాలు అంకుల్" అంది. నా బస్సులో ఎవడన్నా స్టేజీ రాగానే దిగకుండా ఇట్లా మొండికేస్తే మెడ పట్టి దింపేవాణ్ని. ఇక్కడ ఎవరి మెడ పట్టాలో తెలియడం లేదు.

ఇంటికొచ్చి టీవీ పెడితే గెలిచినాయన పార్లమెంటులో మాట్లాడుతున్నాడు. ఎంపీగా చేరిన రోజు దేవుడి మీద ప్రమాణం చేసిన బొమ్మ కూడా పక్కన చూపించారు. మా అక్క చూసి, "గాయనకు చెయ్యి వణుకుతలేదు" అంది. నేను టీవీ బంద్ చేశాను.

షాపు ముందు ఎస్.ఆర్. నగర్ హాస్టలు పిల్లలు నోట్సు జిరాక్సుల కోసం బారులు తీరుతున్నారు. అక్క వాళ్లకు మంచినీళ్లు ఇస్తుంది, ఎడమ చేత్తో. ఎడమ చేత్తో ఇస్తున్నానని ప్రతి ఒక్కరికీ చెప్పుకుంటుంది. మీ సంగతి ఆమెకు తెలుసు. "గా ఇంగ్లీషమ్మ నా మాట మంచిగనే రాసింది గద?" అని అడిగింది. మంచిగనే రాసిందన్నాను.

పేజీ సంగతి ఇప్పుడెందుకు అక్కా, అయిందేదో అయింది. ముందు జవాబు వేయమనండి ఆ మహానుభావుణ్ని.

మొగిలయ్య


పంజాగుట్ట
14 జూన్ 2025

మొగిలయ్య గారూ,

క్షేమ సమాచారాలు తర్వాత. ఇన్ని నెలలు గడువులు అడిగిన మనిషి జవాబు వేయలేదు, అసలు పిటిషనునే కొట్టేయమని అర్జీ వేశాడు. కారణం ఒకటే. కోర్టులో ఉన్న అసలులో పద్నాలుగో పేజీలో 'ఓత్' ఉంది, ఆయనకు అందిన కాపీలో 'వోట్' ఉంది. ఆ కాపీ మీద ఇది అసలుకు నిజమైన నకలు అని మీ చేత్తో రాసి, మీ సంతకం ఉంది. నకలు నిజం కాకపోతే పిటిషను కొట్టేయాలని చట్టం.

అక్షరం పొరపాటైతే కోర్టు క్షమిస్తుందట. ఇది క్షమించేది కాదని వాళ్ల వాదన. ఆ కాపీ ప్రకారం ఆయన మనిషి మీ ఊరి ఆడవాళ్ల చేత ఎల్లమ్మ గడ్డ మీద ఓటు వేయించాడు. దేవత పేరు చెప్పి భయపెట్టాడన్న మాటే అందులో లేదు. ఓటు వేయించడం నేరమెలా అవుతుందని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?

రెండుసార్లు అడిగాను మిమ్మల్ని. మొదటి ఉత్తరంలో అడిగాను, డిసెంబరులో అడిగాను. సత్తెమ్మగారి గురించి పేజీలు రాశారు, టీవీ గురించి రాశారు, ఈ ఒక్కటీ రాయలేదు. జిరాక్సు షాపు యజమాని ఒక్క పేజీ మార్చలేకపోయారా? నాకు చాలా కోపంగా, అంతకంటే బాధగా ఉంది. ధాత్రి ముందు తల ఎత్తలేకపోయాను.

హైమవతి


అమీర్‌పేట
21 జూన్ 2025

హైమక్కకు,

మార్చలేదు. నిజమే.

ఆ రోజు జరిగింది చెబుతాను. సెట్లన్నీ ముందు రోజే నా షాపులో కుట్టించాను, దారం వేసి, అంచుకు గుడ్డ అంటించి. గెలిచినాయన కాపీని కవరులో పెట్టి లక్క సీలు కూడా వేయించాను, శుభ్రంగా ఉంటుందని. మీరు వరండాలో తప్పు పట్టేసరికి నాలుగు దాటింది. కోర్టు సెట్టు దిద్దాం. ఈ కవరు చింపాలి, కుట్టు విప్పాలి, మళ్లీ కుట్టాలి. కౌంటరు గుమాస్తా వాచీ చూస్తున్నాడు. ఒక్క మాట తేడాకు ఏమవుతుందిలే అనుకున్నాను. కవరు మీద చెయ్యి వేసి ఆగి, మళ్లీ తీసేశాను. అంతే.

తప్పు నాదే, కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. ఆ పేజీలో ఓటు అని మొదట కొట్టింది ఎవరు? మా అక్క ఒట్టు అంది. నేను ఆమె ముందు కూర్చొని విన్నది విన్నట్టు ఒట్టు అనే రాసుకొచ్చి మీకిచ్చాను. అది మీ బల్ల మీద ఓటు ఎట్లా అయింది? టైపులో దొర్లిందని రాశారు. టైపు చేసింది మీరే కదా. నా తప్పు ఒక పూట తప్పు. దానికన్నా ముందు ఇంకో తప్పు ఉంది, దాన్ని గురించి మీరు కూడా ఏడాది నుంచి ఏమీ రాయలేదు.

మొగిలయ్య


పంజాగుట్ట
9 జూలై 2025

మొగిలయ్య గారికి,

మీ ఉత్తరం వచ్చాక రెండు వారాలు దాని జోలికి పోలేదు. ఫ్రిజ్ మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా చూస్తూ తిరిగాను.

మీరిచ్చిన కాగితం నా దగ్గరే ఉంది. దాని నకలు ఈ కవరులో పెడుతున్నాను. మూడో వరస చూడండి. 'ఎల్లమ్మ గడ్డ మీద నిలవెట్టి ఒటు ఏపిచ్చుకున్నరు.' మీరు ఒత్తు పెట్టలేదు. దీర్ఘమూ పెట్టలేదు. అది ఒట్టూ కాదు, ఓటూ కాదు. మధ్యలో నిలబడ్డ మాట.

అయితే మిమ్మల్ని అనడానికి ఇది పంపలేదు. మీ రాత నాకు కొత్త కాదు. ఒత్తులు మింగేస్తారని ఇరవై రెండేళ్లుగా ఎగతాళి చేసింది నేనే. ఆ మాట దగ్గర ఆగాను కూడా. ఆగి, ఎన్నికల కేసు కదా, ఓటే అయి ఉంటుందనుకున్నాను. ఎల్లమ్మ గడ్డ అంటే పోలింగు కేంద్రం ఉన్న వీధి పేరనుకున్నాను. మా వైపు ఒట్టు పెట్టించుకున్నారంటాం, మీ వైపు ఒట్టు వేయించుకుంటారు. ఓటూ వేస్తారు, ఒట్టూ వేస్తారు. ఆ సంగతి నాకు తట్టలేదు. మీ ఫోను అప్పటికి ఇంకా మీ దగ్గరే ఉంది. ఒక్కసారి ఫోను చేసి అడిగితే అయిపోయేది. అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో అనువాదం చేసినదాన్ని, ఒక కండక్టరు రాతకు అర్థం అడగడమేంటని అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆఖరి రోజు వరండాలో మీ నోట ఒట్టు అన్న మాట విన్నాకే నా తప్పు తెలిసింది. టైపులో తప్పని మీకు చెప్పాను, ధాత్రికీ చెప్పాను. అది అబద్ధం. నిన్న ధాత్రికి నిజం చెప్పాను. ఆ పిల్ల "మీరిద్దరూ ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది కదా ఆంటీ" అంది. మమ్మల్ని కలవొద్దన్నది నువ్వే కదమ్మా అనబోయి ఊరుకున్నాను. కలుసుకున్న రోజుల్లో కూడా అడగలేదుగా.

సత్తెమ్మగారికి చెప్పండి, ఇంగ్లీషమ్మ ఆవిడ మాట మంచిగా రాయలేదని.

హైమవతి


అమీర్‌పేట
15 నవంబర్ 2025

హైమక్కకు,

పన్నెండో తారీఖున కొట్టేశారు. ధాత్రి మీకు చెప్పే ఉంటుంది. పదహారు నెలలు తిప్పి, సాక్షి బోనులోకి ఒక్క మనిషిని ఎక్కించకుండా, మా అక్కను ఒక్క మాట అడగకుండా కొట్టేశారు. నా ఫోను సీలు కూడా విప్పలేదట. అందులో ఏముందో చూడకుండానే తిరిగి తీసుకొమ్మన్నారు.

అందులో ఏముందో మీకూ పూర్తిగా చెప్పలేదు. వీడియో తీసింది నేనే అని తెలుసు. ఆ రోజు ఓటు కోసం ఊరికి పోయి, మా ఇంటి అరుగు మీద నిలబడి తీశాను. అక్కడి నుంచి గడ్డకు ఇరవై అడుగులు. మా అక్క వంతు వచ్చినప్పుడు నా వైపు చూసింది. నేను పోయి ఆ పసుపు బియ్యం పళ్లెం గుంజి పారేస్తే అయిపోయేది. మా ఊళ్లో నన్ను ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కానీ సాక్ష్యం దొరుకుతోందని, చెయ్యి కదలకుండా తీస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్లలో ఆమె నన్ను ఒక్కసారే అంది. "నువ్వు ఆడనే ఉన్నవు గద తమ్మీ." ఇంకెప్పుడూ అనలేదు. ఈ కేసు అంతా దానికి జవాబు అనుకున్నాను.

తీర్పు వచ్చిందని ఆమెకు తెలుసు. ఏమన్నారని అడిగితే, ఇంగ్లీషులో ఉంది, తెలుగు చేయించాలని తప్పించుకున్నాను. అందుకే మీకు తీర్పు కాపీ పంపుతున్నాను. ఒక సాయం చేయండి. చివర్లో ఒక వాక్యం కలపండి, ఆ ఒట్టు చెల్లదని కోర్టు భావించింది అని. తెలుగు కాగితం నేను చదివి వినిపిస్తాను. ఎవరికీ చూపించను, ఏ కోర్టుకూ ఇవ్వను. ముసలిదానికి అన్నం కుడి చేత్తో తినాలని ఉంది, అంతే. మీరు నాకు బాకీ ఉన్నారనడం లేదు. అడుగుతున్నాను.

మొగిలయ్య


పంజాగుట్ట
24 నవంబర్ 2025

మొగిలయ్య గారికి,

చేయలేను. కోపం తెచ్చుకోండి, ఫరవాలేదు.

ఒక మాట ఊహించి రాసినందుకే ఇక్కడికొచ్చాం. ఇప్పుడు తెలిసి తెలిసి లేని వాక్యం రాయమంటే నా చెయ్యి వణుకుతుంది. మీ అక్కగారికి చదివి వినిపించేది నా చేతి కాగితం అయితే, అందులో కోర్టు అన్న మాటలే ఉంటాయి. తీర్పు మొత్తం తెలుగు చేశాను. మూడుసార్లు సరిచూశాను. అనుమానం ఉన్నచోట ధాత్రికి ఫోను చేసి అడిగాను, ఏడుసార్లు.

ఇక అప్పీలు. ముప్పై రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. డిసెంబరు పన్నెండు ఆఖరు. నేను ఒక అఫిడవిట్ రాసి సంతకం పెట్టి ఇందులో పంపుతున్నాను. తప్పు నాదని, మూలంలో ఉన్న మాట ఒట్టేనని, నేనే ఓటుగా చదివానని ప్రమాణం చేశాను. నలుగురికీ తెలిస్తే తెలియనీయండి. దీనితో బలం వస్తుందని ధాత్రి అంటోంది. ఆ మాట తిరిగి రికార్డులోకి ఎక్కితే అప్పుడైనా ఎవరో ఒకరు దాన్ని విచారించాలి.

తీర్పులో పదకొండో పేరా చదివేటప్పుడు నిదానంగా చదవండి. నాకు చాలా కోపం తెప్పించిన పేరా అది. అయినా ఉన్నది ఉన్నట్టే రాశాను.

హైమవతి


అమీర్‌పేట
12 డిసెంబర్ 2025, శుక్రవారం

హైమక్కకు,

మీ కవరు వచ్చిన రోజు నిజంగానే కోపం వచ్చింది. రెండు రోజులు అక్కకు చదివి వినిపించలేదు. మూడో రోజు ఆమే గుంజుకొచ్చి నా ముందు పెట్టింది.

మొదటి నుంచి చదివాను. సెక్షన్లు, తేదీలు, పాత తీర్పుల పేర్లు. ఆమె వడియాల పిండి ముందు పెట్టుకొని వింటోంది. పదకొండో పేరాకు వచ్చాను. మీరు రాసిందే మళ్లీ రాస్తున్నాను. 'ఎదుటిపక్షానికి అందిన ప్రతిలో ఒట్టు లేదు. ఎదుటిపక్షానికి అందని ఆరోపణ ఈ కోర్టు ముందు ఆరోపణ కాదు. కనుక చట్టం దృష్టిలో ఒట్టు లేదు.'

"మళ్ల సదువు" అంది. చదివాను.

"కోర్టు ఒట్టు లేదన్నదా?"

అది ఆ అర్థం కాదు అక్కా, కాగితంలో లేదన్నారు, నేను పేజీ మార్చకపోవడం వల్ల లేదన్నారు, మనం ఓడిపోయినం అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆమె వినడం లేదు.

"గా ఇంగ్లీషమ్మ ఉన్నది ఉన్నట్టే రాసిందా? నువ్వేమన్న కలిపినవా?"

"ఒక్క అక్షరం కలపలేదు" అన్నాను. అక్కా, ఆ మాట ఆమె కళ్లలోకి చూసి అనగలిగాను. మీరు నేను అడిగినట్టు రాసి ఉంటే అనలేకపోయేవాణ్ని.

"మంచిది" అని పిండి కలుపుకుంది. రెండు చేతులతో. చెయ్యి వణుకుతూనే ఉంది, అది తగ్గలేదు, ఇక తగ్గదనుకుంటా. కానీ ఆ సాయంత్రం చెంచా తీసి పక్కన పెట్టింది.

నాకు సంతోషంగా లేదు. అబద్ధం ఎందుకు? మండిపోతోంది. ఒట్టు వేయించుకున్నవాడు ఢిల్లీలో ఉన్నాడు. వాడి పళ్లెం, వాడి పసుపు బియ్యం, మా ఊరి యాభై మంది ఆడవాళ్లు, ఏదీ జరగలేదని కోర్టు రాసిచ్చింది. మిగిలినవాళ్లలో ఇంకెంతమంది గుడి గేటు దగ్గర ఆగిపోతున్నారో ఎవరికి తెలుసు. అందుకే అప్పీలు వేద్దామనే అనుకున్నాను. ధాత్రి కాగితాలు పంపింది. నా షాపులోనే కాపీలు తీశాను. ఈసారి ఒక్కో పేజీ అసలు పక్కన పెట్టుకొని వేలు పెట్టి చూశాను. ఒత్తులు, దీర్ఘాలు, కామాలు. ఏ కోర్టూ వాటిలో తప్పు పట్టడానికి లేదు.

నిన్న సంతకాలకు కూర్చుంటే అక్క వచ్చి నిలబడింది. ఇవేం కాగితాలన్నది. పెద్ద కోర్టుకు అన్నాను.

"గాడ ఏమని అడుగుతవు?"

ఒట్టు ఉందని మళ్లీ రాయమని అడుగుతాను అన్నాను. అనేటప్పుడే నాకు అర్థమైంది.

ఆమె "మళ్ల ఎక్కిస్తవా తమ్మీ, నా మీద?" అంది. అరుగు మీద నుంచి వీడియో తీసిన రోజు ఎట్లా చూసిందో అట్లానే చూసింది.

ఆ రోజు నేను కదలలేదు. నిన్న కలం మూత పెట్టాను.

ధాత్రి ఇవాళ మూడుసార్లు షాపు నంబరుకు ఫోను చేసింది. ఇంత మంచి కేసు వదులుకుంటారా అని అరిచింది. తిట్టే హక్కు ఆమెకుంది. నాలుగున్నర దాకా ఆగుతాను, ఆ లోపు సంతకాలు పెట్టి పంపితే ఢిల్లీకి వేసేస్తాను అంది. మీ అఫిడవిట్ నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేదు, చింపలేదు. మీరు అట్లాంటిది రాసి ఇచ్చారన్నది నేను మరిచిపోయేది కాదు. ఇక కలవొద్దనేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆదివారం అక్కను తీసుకొని మీ ఇంటికి వస్తాను. ఇంగ్లీషమ్మను చూడాలంటోంది.

ఇప్పుడు నాలుగూ ముప్పావు అయింది. అక్క రెండింటికి గుడికి పోయింది, ఒక్కతే, కొబ్బరికాయ పట్టుకొని. నేను వస్తానంటే వద్దన్నది. ఇంకా రాలేదు. శుక్రవారం కదా, లైను పెద్దగా ఉండి ఉంటుంది.

మొగిలయ్య